చెరువు గట్టున ఒక రాత్రి: బయల్దేరే ముందు వేసుకోవాల్సిన లెక్కలు

మన హాస్టల్ వార్షికోత్సవ సంచికకు పూర్వ విద్యార్థులుగా తమ్ముళ్లకు పనికొచ్చేది ఏదైనా రాయమని అడిగారు. కవిత రాయడం మాలో ఎవరికీ చేతకాదు. చదువుల గురించి, ఉద్యోగాల గురించి మాకంటే బాగా చెప్పే అన్నలు ఈ సంచికలోనే ఉంటారు. అందుకని మేము రెండుసార్లు చేసిన ఒక పని గురించి రాస్తున్నాం. మొదటిసారి చెడగొట్టుకున్నాం. రెండోసారి సరిగ్గా చేశాం. ఆ పని ఏమిటంటే, కొండల నడుమ ఉన్న చెరువు దగ్గర గుడారాలు వేసుకుని ఒక రాత్రి ఉండి రావడం.

ఇందులో రాయడానికి ఏముంది, నలుగురు స్నేహితులు కలిస్తే బయల్దేరడమే కదా అని మీరు అనుకోవచ్చు. మేము కూడా మొదట అలాగే అనుకున్నాం.

మొదటిసారి ఏం జరిగింది?

2022 వానాకాలంలో, డిగ్రీ చదువుతున్న రోజుల్లో, ఒక సాయంత్రం టోలిచౌకిలో చాయ్ తాగుతూ అనుకున్నాం. తెల్లారేసరికి బస్సులో ఉన్నాం. ఎనిమిది మందిమి, రెండు అరువు గుడారాలు, ఒకే ఒక టార్చిలైటు. వెళ్లిన ఊరి పేరు ఇక్కడ అనవసరం. చెరువు అలుగు పక్కన నేల చదునుగా, శుభ్రంగా ఉందని అక్కడే గుడారాలు వేసుకున్నాం. ఆ నేల అంత చదునుగా ఎందుకుందో ఒక్కరమూ ఆలోచించలేదు. ఏటా నీళ్లు పారి పారి చదునైన నేల అది.

అర్ధరాత్రి వాన పడింది. గుడారాల్లోకి నీళ్లొచ్చాయి. చీకట్లో సామాను మోసుకుని పరుగెత్తుతుంటే మాలో ఒకడు కాలుజారి అలుగు కాలువలో పడ్డాడు. అతనికి ఈత రాదు. మాలో ఇద్దరికి తప్ప ఎవరికీ రాదు. ఆ ఇద్దరూ భయంతో కదల్లేదు. దగ్గర్లోనే చేపల కావలికి పడుకున్న ఒక పెద్దమనిషి అరుపులు విని వచ్చి, వల తాడు విసిరి లాగాడు. తర్వాత మమ్మల్ని తన గుడిసెలో కూర్చోబెట్టి, "మీ అమ్మనాయినలకు చెప్పొచ్చిన్రా?" అని అడిగాడు. మేము తలలు దించుకున్నాం. ఎనిమిది మందిలో ఒక్కరు కూడా ఇంట్లో చెప్పలేదు.

ఆ స్నేహితుడి ఇంట్లో డిగ్రీ దాకా వచ్చింది అతనొక్కడే. అమ్మ పత్తి ఏరడానికి వెళ్తుంది. మా అందరి ఇళ్లూ దాదాపు అంతే. ఏ ఇంటి నుంచైనా మొదట చదువుకున్నవాడు పోతే పోయేది ఒక్క మనిషి కాదు. చెల్లెలి చదువు, అమ్మానాన్నల ధైర్యం, ఆ ఇల్లు ఇరవై ఏళ్లుగా కూడగట్టుకున్నదంతా వెనక్కి పోతుంది. ఈ సంగతి మాకు ఆ రాత్రి గుడిసెలో తడిబట్టలతో కూర్చున్నప్పుడు అర్థమైంది.

తిరిగొచ్చాక చాలా రోజులు "ఇక ఎక్కడికీ పోవద్దు" అనుకున్నాం. పెద్దవాళ్లకు తెలిస్తే వాళ్లు చెప్పేదీ అదే. కానీ నిదానంగా ఆలోచిస్తే తప్పు వెళ్లడంలో లేదనీ, లెక్క వేసుకోకుండా వెళ్లడంలో ఉందనీ తేలింది. ఆ లెక్కే ఈ వ్యాసం.

ఇవి మనకెందుకు?

గుడారాలు, కొండలు, చెరువులు ఉన్నవాళ్ల సరదాలనీ, మనకు చదువొక్కటే చాలనీ మనలోనే కొందరు అంటుంటారు. నిజానికి ఆరుబయట పడుకోవడం మనకు తెలిసినంతగా ఇంకెవరికి తెలుసు? మంచె మీద జొన్నచేను కావలి కాసింది మన తాతలే. మేడారం సమ్మక్క సారలమ్మ జాతరలో లక్షల కుటుంబాలు జంపన్నవాగు చుట్టూ చెట్ల కింద పరదాలు కట్టుకుని, పొయ్యిలు పెట్టుకుని రోజుల తరబడి ఉంటాయి. గుడారాల బస అంటే మన దగ్గర అంతకంటే పెద్దది ఎక్కడుంది?

ఇక కొండల మాటకొస్తే, 2014 మే 25న ఎవరెస్టు ఎక్కిన మాలావత్ పూర్ణ, సాధనపల్లి ఆనంద్‌కుమార్ సాంఘిక సంక్షేమ గురుకులాల విద్యార్థులే. అప్పటికి పూర్ణ వయసు 13 ఏళ్ల 11 నెలలు. వాళ్లు నేరుగా ఎవరెస్టుకు వెళ్లలేదు. మొదట భువనగిరి గుట్ట మీద బండ ఎక్కడం నేర్చుకున్నారు. తర్వాత డార్జిలింగ్‌లో, ఆపై లడఖ్ చలిలో శిక్షణ పొందారు. ఆ తర్వాతే అసలు ప్రయాణం. ధైర్యం ఒక్కటే సరిపోతే అన్ని మెట్లు అవసరమయ్యేవి కావు.

చెరువు సంగతి కూడా చిన్నది కాదు. 1927 మార్చి 20న బాబాసాహెబ్ అంబేద్కర్ మహద్‌లో చౌదార్ చెరువు నీళ్లు తాగడానికి వేలమందితో నడవాల్సి వచ్చింది. మా ఊళ్లలో తాతల కాలంలో చెరువుకు వేరే రేవు ఉండేదని మేము ఇంట్లో విన్నాం. అలాంటి ఇళ్ల నుంచి వచ్చిన మనం ఒక చెరువు గట్టున నిర్భయంగా రాత్రి గడపడం ఉత్త సరదా కాదని మా అభిప్రాయం. అయితే ఆ హక్కును అజాగ్రత్తతో వాడుకోకూడదు.

ఏ చెరువు?

రెండోసారికి మేము లక్నవరం ఎంచుకున్నాం. ములుగు జిల్లా గోవిందరావుపేట మండలం బుస్సాపూర్ దగ్గర ఉంది. హైదరాబాద్ నుంచి సుమారు 220 కిలోమీటర్లు, వరంగల్ నుంచి 75 వరకు ఉంటుంది. పాకాల, రామప్ప, గణపురం చెరువుల్లాగే ఇది కూడా కాకతీయుల కాలంలో, అంటే దాదాపు 800 ఏళ్ల కిందట కట్టింది. ఊళ్లలో మనం చూసే చెరువులకు పొడుగాటి కట్ట ఉంటుంది. ఇక్కడ అలా కాదు. చుట్టూ కొండలే కట్ట. కొండల నడుమ ఉన్న ఇరుకు సందులను మాత్రం చిన్న కట్టలతో మూశారు. తక్కువ మట్టితో ఎక్కువ నీళ్లు ఆపిన తెలివి అది. నీళ్లు నిండాక మునగని గుట్టల తలలు దీవులుగా మిగిలాయి. వాటిని కలుపుతూ వేలాడే వంతెనలు కట్టారు. ఈ చెరువు కింద ఇప్పటికీ వరి పండుతోంది.

మేము దీన్నే ఎంచుకోవడానికి మూడు కారణాలున్నాయి. ఒకటి, ఇది పర్యాటక సంస్థ చూసుకునే చోటు. కాపలా ఉంటుంది, పడవల దగ్గర లైఫ్ జాకెట్లు ఉంటాయి, మరుగుదొడ్లు ఉంటాయి. రెండు, జాతీయ రహదారికి దగ్గర. మూడు, ములుగులో ప్రభుత్వ ఆసుపత్రి ఉంది. మొదటిసారి వెళ్లే తమ్ముళ్లు ఎవరికీ తెలియని చోటును వెతుక్కోవద్దు. ఎవరికీ తెలియని చోట ఆపదొస్తే అదీ ఎవరికీ తెలియదు. గుడారాల బస అన్ని రోజుల్లో ఒకేలా ఉండదు. కాబట్టి ముందుగా పర్యాటక సంస్థ వాళ్లకు ఫోన్ చేసి మూడు ప్రశ్నలు అడగాలి: ఆ తేదీన గుడారాలకు అనుమతి ఉందా? నిప్పు రాజేయనిస్తారా? రాత్రి బాధ్యుడు ఎవరు, ఆయన ఫోన్ నంబరు ఏమిటి?

ఎప్పుడు?

వానాకాలం వద్దు. ఇది భయపెట్టడానికి రాస్తున్న మాట కాదు. 2023 జూలై 26, 27 తేదీల నడుమ ఇదే ములుగు జిల్లాలోని లక్ష్మీదేవిపేటలో ఒక్క రోజులో 649.8 మిల్లీమీటర్ల వాన పడింది. అంటే పడిన నీరు ఎటూ పారకుండా నిలిస్తే మనిషి మోకాలు దాటుతుంది. ఆ రోజుల్లోనే ముత్యంధార జలపాతం చూడ్డానికి వెళ్లిన పర్యాటకులు వాగు పొంగడంతో అడవిలో చిక్కుకుంటే విపత్తు దళాలు వెళ్లి బయటికి తెచ్చాయి.

ఫిబ్రవరి దాటాక కూడా బాగుండదు. ఆకులు రాలి అడవి ఎండిపోతుంది. ఒక్క అగ్గిపుల్ల చాలు. పైగా సరి సంవత్సరాల్లో మేడారం జాతర వస్తుంది. 2024లో ఫిబ్రవరి 21 నుంచి 24 వరకు జరిగింది. ఆ రోజుల్లో ఆ తోవలో బస్సు దొరకదు, దొరికినా కదలదు. కాబట్టి నవంబర్ మధ్య నుంచి జనవరి దాకా మంచిది. పున్నమికి దగ్గరి రోజు చూసుకుంటే వెలుతురు ఖర్చు లేకుండా వస్తుంది. మేము 2024 డిసెంబర్ 14, 15 తేదీలు పెట్టుకున్నాం. రెండో శనివారం, మరునాడు ఆదివారం, పైగా పున్నమి.

ఇంటివాళ్లు, వార్డెన్ సార్

ఈసారి అడిగే వెళ్లాలని నిశ్చయించుకున్నాం. వార్డెన్ సార్ దగ్గరికి వెళ్తే ఆయన, "పొమ్మని అనను, పోవద్దని అనను. ఎట్ల పోతున్నరో కాగితం మీద రాసియ్యండి" అన్నారు. ఆ రాయడంలోనే సగం పని పూర్తయింది. ఎవరెవరు, ఏ బండిలో, ఏ గంటకు ఎక్కడ, తిరిగి ఎప్పుడు, ఇంటి ఫోన్ నంబరు, రక్తం గ్రూపు, ఎవరికైనా ఫిట్స్, ఆస్తమా, మందు పడకపోవడం ఉన్నాయా, ఇవన్నీ మూడు ప్రతులు రాశాం. ఒకటి సార్‌కు, ఒకటి రాకుండా ఉండిపోయిన స్నేహితుడికి, ఒకటి మా దగ్గర. మేము ఫోన్ చేస్తామన్న గంట దాటి రెండు గంటలైనా ఫోన్ రాకపోతే ఏం చేయాలో కూడా అందులోనే రాశాం. అడవి దగ్గర సిగ్నల్ ఉంటుందనుకోవద్దు.

అంతా కుదిరిందనుకుంటే డిసెంబర్ 4 పొద్దున ములుగు కేంద్రంగా 5.3 తీవ్రతతో భూకంపం వచ్చింది. హైదరాబాద్‌లో కూడా కొన్నిచోట్ల ఊగింది. ఇక ఇళ్ల నుంచి ఒకటే ఫోన్లు. మేము దాచలేదు. అక్కడికి ఫోన్ చేసి కనుక్కున్నాం. రెండు మూడు రోజులు ఆగి చూశాం. గుడ్డ గుడారం మీద పడదు, గోడలు, బండల దగ్గర మాత్రం ఉండమని ఇంట్లో చెప్పాం. ఒకరి అమ్మానాన్నలు ఒప్పుకోలేదు. అతను రాలేదు. మేమూ బలవంతం చేయలేదు. అలా పదిహేను మందిమి పద్నాలుగు మందిమయ్యాం. ఇంటికి అబద్ధం చెప్పి వచ్చిన మనిషి గుంపులో ఉంటే, ఆపద వేళ గుంపంతా ఇబ్బంది పడుతుంది.

డబ్బు

ఒక్కసారిగా 1,200 రూపాయలు అంటే మనలో చాలామందికి కష్టమే. నెలకు 200 చొప్పున జూన్ నుంచి నవంబర్ దాకా ఆరు నెలలు జమచేశాం. పద్నాలుగు మందికి 16,800 అయింది. ప్రయాణానికి 5,600, బస, ప్రవేశం, పడవ కలిపి 7,000, తిండికి 2,450, మందులు, తాడు, బ్యాటరీలకు 550 ఖర్చయ్యాయి. మొత్తం 15,600. మిగిలింది 1,200. ధరలు మారుతుంటాయి కాబట్టి ఈ అంకెలు కాదు, వాటాలు చూడండి. ఆపదకోసం కనీసం ఒక మనిషి వాటా అంత సొమ్ము ముట్టుకోకుండా ఉంచాలి. రాత్రిపూట ఆటో మాట్లాడుకోవాల్సి వస్తే అదే దిక్కు.

ఇంకో మాట. మాలో ఇద్దరు రెండేసి నెలలు కట్టలేకపోయారు. ఎవరు ఎంత ఇచ్చారన్న పుస్తకం ఒక్కరి దగ్గరే ఉంచాం. ఆ ఇద్దరెవరో మిగతావాళ్లకు ఇప్పటికీ తెలియదు. మీరూ అలాగే చేయండి. డబ్బు లేక ఆగిపోయిన స్నేహితుడు ఆ సంగతి చెప్పడు, "నాకు ఇష్టం లేదు" అంటాడు.

తోవ

టోలిచౌకి నుంచి మెహిదీపట్నం మీదుగా సికింద్రాబాద్, అక్కడి నుంచి రైల్లో వరంగల్. హన్మకొండ బస్టాండులో ములుగు మీదుగా ఏటూరునాగారం వైపు వెళ్లే బస్సెక్కి చల్వాయి దగ్గర దిగి, అక్కడి నుంచి ఆటో. అమ్మాయిల హాస్టల్ వాళ్లు వెళ్లేటట్లయితే 2023 డిసెంబర్ 9న మొదలైన మహాలక్ష్మి పథకం వల్ల ఆర్టీసీ బస్సు ఖర్చు తగ్గుతుంది.

ఇక్కడ అసలు లెక్క పొద్దుది. డిసెంబర్‌లో సాయంత్రం ఐదున్నర దాటితే పొద్దు గుంకుతుంది. కొండల నడుమ నీడ ఇంకా ముందే పడుతుంది. గుడారం వేయడం వచ్చినవాళ్లకు పావుగంట, రానివాళ్లకు గంట. కాబట్టి మూడు గంటలకల్లా అక్కడ ఉండాలి. అక్కడినుంచి వెనక్కి లెక్కపెట్టుకుంటే మెహిదీపట్నంలో తెల్లవారుజామునే బస్సెక్కాలని తేలింది. గుడారం వేయడం అక్కడికెళ్లి నేర్చుకోవద్దు. మేము వారం ముందే హాస్టల్ డాబా మీద కళ్లకు తువ్వాలు కట్టుకుని వేసి చూశాం. జూనియర్లు చాలా నవ్వారు. పక్కనే ఫిల్మ్‌నగర్ ఉంది కదా, సినిమాల్లో హీరో వచ్చేసరికే గుడారం వేసి, మంట రాజేసి ఉంటుంది. మనకు మాత్రం మనమే లైట్‌బాయ్‌లం.

గుడారం ఎక్కడ వేయాలి?

దీనికి పాఠం టోలిచౌకిలోనే ఉంది. 2020 అక్టోబర్ 13న కురిసిన వానకు షా హాతిం చెరువు పొంగి నదీం కాలనీ మునిగింది. వీధుల్లో పడవలు నడిచాయి. అప్పుడు కరోనా వల్ల హాస్టళ్లు మూసి ఉన్నాయి. మేము తర్వాత వచ్చినప్పుడు ఇళ్ల గోడల మీద నడుమెత్తున మట్టి మరక చూశాం. నీళ్లు నిలిచే చోట ఇల్లు కట్టుకున్నా, గుడారం వేసుకున్నా జరిగేది అదే. నీటికి తన తోవ గుర్తుంటుంది.

కాబట్టి నాలుగు వైపులా చూడాలి. కిందికి చూస్తే, నేల మీద సన్నటి ఇసుక చారలు, ఒకే వైపుకు వాలిన గడ్డి, కొట్టుకొచ్చి ఆగిన పుల్లలు ఉంటే అక్కడ నీళ్లు పారతాయని గుర్తు. నీటి అంచు నుంచి ఎడంగా, మనిషెత్తు ఎత్తులో ఉన్న నేల చూసుకోవాలి. పైకి చూస్తే, ఎండిన కొమ్మలు, ఒరిగిన చెట్లు ఉండకూడదు. 2024 ఆగస్టు 31న తాడ్వాయి, మేడారం అడవుల్లో గాలివానకు కొన్ని గంటల్లోనే పదుల వేల చెట్లు నేలకొరిగాయి. లక్నవరానికి అది పక్క మండలమే. వెనక్కి చూస్తే, గుట్ట మీద నుంచి జారే బండలు ఉండకూడదు. ముందుకు చూస్తే, చీకట్లో మరుగుదొడ్డికి వెళ్లే తోవ నీటి అంచు మీదుగా ఉండకూడదు.

చలి ఎక్కడి నుంచి వస్తుంది?

గాలి నుంచి వస్తుందని అందరం అనుకుంటాం. కానీ పడుకున్న మనిషి ఒంట్లో వేడిని ఎక్కువగా లాగేసేది నేల. అందుకే పైన రెండు దుప్పట్లు కప్పుకోవడం కంటే కింద ఒకటి ఎక్కువ పరుచుకోవడం మేలు. మేము కింద ప్లాస్టిక్ పట్టా, దాని మీద పాత న్యూస్‌పేపర్లు మందంగా, దాని మీద ఈతచాప, ఆపైన దుప్పటి వేశాం. కాగితాల మధ్య చిక్కుకున్న గాలి వేడిని ఆపుతుంది. ఇంట్లో గొంగడి ఉంటే తప్పక తెచ్చుకోండి. ఉన్ని తడిసినా కొంత వెచ్చదనం ఇస్తుంది, నూలు దుప్పటి ఇవ్వదు.

చల్లగాలి బరువైనది. రాత్రి గుట్టల మీది నుంచి జారి పల్లంలోకి చేరుతుంది. అందుకే గుంతలో వేసిన గుడారం కంటే కాస్త మెరక మీద వేసినది వెచ్చగా ఉంటుంది. తెల్లారేసరికి గుడారం లోపలివైపు తడిగా ఉంటే కారిందని కంగారుపడొద్దు. అది మన ఊపిరే. రాత్రంతా వదిలే ఊపిరిలో గ్లాసెడు నీటి దాకా ఉంటుంది. అది చల్లటి గుడ్డకు తగిలి చుక్కలవుతుంది. కిటికీ జాలీలు కొంచెం తెరిచి ఉంచితే తగ్గుతుంది. చలి ఎంతున్నా గుడారం లోపలికి బొగ్గుల కుంపటి, స్టవ్ తీసుకురావద్దు. మూసిన చోట బొగ్గు కాలితే వచ్చే విషవాయువుకు రంగు, వాసన ఉండవు. నిద్రలోనే ప్రాణం తీస్తుంది.

నీళ్ల దగ్గర

ఇది అన్నిటికంటే ముఖ్యం. 2014 జూన్ 8న హైదరాబాద్‌కు చెందిన ఒక ఇంజనీరింగ్ కళాశాల విద్యార్థులు 24 మంది హిమాచల్‌ప్రదేశ్‌లో బియాస్ నదిలో కొట్టుకుపోయారు. వాళ్లు ఈతకు దిగలేదు. నదిలో రాళ్ల మీద నిలబడి ఫొటోలు తీసుకుంటున్నారు. పైనున్న లార్జీ జలవిద్యుత్ ప్రాజెక్టు నుంచి వదిలిన నీరు నిమిషాల్లో వచ్చింది. కాబట్టి ఆనకట్టకు, తూముకు, అలుగుకు కింది వైపున అడుగుపెట్టొద్దు, నీళ్లు ఎంత తక్కువగా కనిపించినా సరే.

లక్నవరం వంటి చెరువుల్లో ఇంకో ప్రమాదం ఉంది. ఒడ్డే కొండ కాబట్టి, కొండ ఎంత వాలుగా పైకి లేచిందో నీటి కింద కూడా దాదాపు అంతే వాలుగా దిగుతుంది. రెండు అడుగులు మోకాలి లోతు, మూడో అడుగుకు తల మునగవచ్చు. అందుకే మేము నాలుగు నియమాలు పెట్టుకున్నాం. ఈత వచ్చినా రాకున్నా నీళ్లలోకి దిగకూడదు. పడవెక్కితే లైఫ్ జాకెట్ బకిల్స్ అన్నీ పెట్టుకోవాలి. చీకటి పడ్డాక నీటి అంచుకు ఒంటరిగా వెళ్లకూడదు. ఎవరైనా పడితే వెనకాల దూకకూడదు. దూకిన స్నేహితుణ్ణి మునిగేవాడు పట్టుకుంటే ఇద్దరూ పోతారు. విసరడమే మార్గం. ఇందుకు డబ్బు అక్కర్లేదు. ఖాళీ ఐదు లీటర్ల క్యానుకు మూత గట్టిగా బిగించి, పిడికి పదిహేను మీటర్ల నైలాన్ తాడు కట్టండి. క్యాను తేలుతుంది, పట్టుకోవడానికి పిడి ఉంటుంది. మాది రాత్రంతా గుడారం బయట కొయ్యకు వేలాడింది.

తిండి, పురుగూ పుట్రా

మెస్ లీడర్‌గా చేసినవాళ్లకు తిండి లెక్క చెప్పనక్కర్లేదు. మనిషికి పూటకు 200 గ్రాముల బియ్యం అనుకుంటే పద్నాలుగు మందికి 2.8 కిలోలు. మేము శనివారానికి పులిహోర, ఉడికించిన గుడ్లు పట్టుకెళ్లాం. చింతపండు, నూనె పట్టిన అన్నం తొందరగా పాడవదు. పెరుగన్నం మధ్యాహ్నానికే పులుస్తుంది. రాత్రికి అక్కడే భోజనం చెప్పుకున్నాం. చిరుతిండికి సకినాలు, పల్లిపట్టీలు. తాగడానికి మనిషికి రోజుకు మూడు లీటర్లు తగ్గకూడదు. పద్నాలుగు మందికి 42 లీటర్లు, అంటే రెండు పెద్ద క్యాన్లు దాటుతుంది. చెరువు నీళ్లు తేటగా ఉన్నాయని తాగొద్దు. తిండి గుడారంలో పెట్టుకుంటే కోతులు, ఎలుకలు వస్తాయి. ఎలుక వెంట పాము వస్తుంది.

పాముల్లో రాత్రి నేల మీద పడుకున్నవాళ్లకు ఎక్కువ భయం కట్లపాముతో. అది కరిచినా చాలాసార్లు నొప్పి తెలియదు. గుడారం జిప్పు ఎప్పుడూ మూసి ఉంచాలి, పొద్దున బూట్లు దులిపి వేసుకోవాలి, టార్చి లేకుండా అడుగు వేయకూడదు. ఒకవేళ కరిస్తే కోయడం, నోటితో పీల్చడం, గట్టిగా తాడు కట్టడం, పసరు పోయడం ఏదీ వద్దు. కరిచిన కాలో చెయ్యో కదలకుండా కర్రతో కట్టి, 108కి ఫోన్ చేసి ప్రభుత్వ ఆసుపత్రికి తీసుకెళ్లాలి. విరుగుడు మందు అక్కడే ఉంటుంది.

ఇక చెత్త. ఒక గోనెసంచి పట్టుకెళ్లి, మనం తెచ్చిన ప్రతి కవరూ అందులోనే వెనక్కి తేవాలి. ఆ నీళ్లు కింద ఎవరి పొలానికో వెళ్తాయి. స్పీకరు బాక్సులు వద్దు. పాటలు మనకే వస్తాయి.

చివరగా

డిసెంబర్ 14 రాత్రి నిండు చంద్రుడు కొండ మీదికి వచ్చేసరికి మా ఐదు గుడారాలూ వేసి ఉన్నాయి. వంతులు వేసుకుని ఇద్దరేసి మేలుకొని ఉన్నాం. చెప్పుకోదగ్గ సాహసం ఏమీ జరగలేదు. జరగకపోవడమే మేము ఆరు నెలలు కష్టపడ్డ దానికి ఫలితం.

2022లో కాలువలో పడిన స్నేహితుడు కూడా వచ్చాడు. మరునాడు పొద్దున పడవ దగ్గర చాలాసేపు నిలబడ్డాడు. లైఫ్ జాకెట్ వేసుకుని, బకిల్స్ రెండుసార్లు చూసుకుని, ఎక్కి మధ్యలో కూర్చున్నాడు. దిగాక, సిగ్నల్ దొరికిన చోట నిలబడి వాళ్లమ్మకు ఫోన్ చేశాడు. ఆమె అడిగింది ఒకటే: "తిన్నవా బిడ్డా, చలి పెట్టిందా?" అతను చలి పెట్టలేదని చెప్పి, చెరువు ఎట్లుందో పది నిమిషాలు చెప్పాడు. మొదటిసారి వెళ్లినప్పుడు ఇంట్లో చెప్పుకోవడానికి అతని దగ్గర ఒక్క మాట కూడా లేదు.

మిగిలిన 1,200 రూపాయలు, తాడు కట్టిన క్యాను, పట్టాలు, లెక్కల పుస్తకం హాస్టల్ స్టోర్ రూములో పెట్టి వచ్చాం. తమ్ముళ్లారా, వాడుకోండి. వెళ్లేముందు వార్డెన్ సార్‌కు కాగితం రాసివ్వండి, అమ్మకు చెప్పండి. తిరిగొచ్చాక ఆ పుస్తకంలో మీ లెక్క రాసి, తర్వాతి వాళ్లకోసం అక్కడే పెట్టండి.